నీకు తోచినంత వెల కట్టుకో

ఒక గ్రామూ కాస్త బరువున్న వెండి ముక్కకి 25 లక్షల 20 వేల డాలర్లు పెట్టినవాణ్ణి పిచ్చివాడంటే నేను ఒప్పుకోను. మొన్న ఇక్కడ డాలస్ పక్కన ఒక ఫ్రెండ్ ఇంట్లో తలొక వంటకం తెచ్చే పాట్‌లక్ విందు అయింది. 2024 నవంబర్‌లో జరిగిన ఈ పాత నాణెం వేలం సంగతి ఎత్తగానే, పులిహోర తింటున్న నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. అందులో ఒకాయన హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి కారుకి ఆర్టీఏ వేలంలో ఫ్యాన్సీ నంబరు పాడించినాయన. ఇంకొకాయన బాలాపూర్ లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికిందని అందరికంటే ముందు వాట్సాప్‌లో పెట్టి చేతులెత్తి దండం పెట్టినాయన. లడ్డూకి దండం, నాణేనికి నవ్వు. ఆ నాణెం కనీసం చీమలు పట్టేది కాదు కదండీ.

అసలు ఆ వస్తువేంటో ముందు వినండి. 1652లో బోస్టన్‌లో, అప్పట్లో ఇంగ్లండు కింద కాలనీగా ఉన్న మసాచుసెట్స్ వాళ్ళు సొంతంగా ఒక టంకసాల పెట్టుకున్నారు. ఇంగ్లండు అనుమతి లేదు, అడిగే ఉద్దేశం కూడా లేదు. జాన్ హల్, రాబర్ట్ శాండర్సన్ అనే ఇద్దరు వెండి పనివాళ్ళు కూర్చుని, గుండ్రటి రేకు తీసుకుని, ఒకవైపు వాళ్ళ ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ పేరులోని మొదటి అక్షరాలు రెండూ, రెండోవైపు మూడు పెన్నీలని చెప్పడానికి మూడు నిలువు గీతలూ కొట్టారు. అంతే, అయిపోయింది. రాజు బొమ్మ లేదు, దేవుడి పేరు లేదు, సంవత్సరం కూడా లేదు. మా ఊళ్ళో రేషన్ బియ్యం బస్తా మీద ఇంతకంటే ఎక్కువ డిజైన్ ఉండేది. చుట్టూ అంచంతా ఖాళీగా ఉండేసరికి జనం కత్తెర తీసుకుని కాస్త కాస్త కత్తిరించి దాచుకోవడం మొదలుపెట్టారు, దాంతో కొన్ని నెలలకే ఆ డిజైన్ ఎత్తేసి చెట్ల బొమ్మలకి మారారు. ఒక పనికిమాలిన డిజైన్ కొన్ని నెలల్లో చచ్చిపోయింది కాబట్టే అరుదు, అరుదు కాబట్టే 25 లక్షలు. ఆ మూడు పెన్నీల నాణెం ఇంకొకటే మిగిలి ఉంది, అది మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ దగ్గర. అమ్మిన రోజు ధరకి అందులో వెండి విలువ డాలరుకి అటూ ఇటూ. మరి మిగతా 25 లక్షల 19 వేల 999 డాలర్లు దేనికి? కథకి.

దీన్ని అందరూ దాచిపెడతారు గానీ నేను బాహాటంగా చెప్తాను: అమెరికా కాలనీ నాణేల వేలంలో నాణెం ఉచితం. డబ్బులు తీసుకునేది క్యాటలాగులో దాని కింద రాసిన పేరాకి. ఈ మూడు పెన్నీలే తీసుకోండి, 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పాత బీరువాలో బయటపడింది. దాన్ని పెట్టిన అట్టపెట్టె మీద “ఏదో తెలియని వెండి టోకెన్, క్విన్సీ కుటుంబం నుంచి” అనే అర్థంలో ఎవరో 1798 తారీకుతో రాసిపెట్టారు. క్విన్సీలంటే జాన్ హల్ అత్తగారి వైపు వాళ్ళు. ఏమిటో తెలియదని రాసిన చీటీ ఏమిటో తెలిసిన నాణేన్ని ఇంకా ఖరీదు చేసింది. అదే వరసలో షిల్లింగు, అంటే 12 పెన్నీలది, ఒకటి 2021లో ఇంగ్లండులో ఒక మిఠాయి డబ్బాలో దొరికితే 2 లక్షల 64 వేల పౌండ్లకి పాడుకున్నారు. మన ఇళ్ళల్లో డేనిష్ బిస్కెట్ల నీలం డబ్బా మూత తీస్తే ఏమొస్తుంది? సూదీ దారం, ఊడిపోయిన బొత్తాలు, రెండు హుక్కులు. మన పూర్వీకుల నిర్లక్ష్యానికి ఒక పద్ధతి లేదు, అక్కడే దెబ్బతిన్నాం.

చెట్ల బొమ్మలన్నాను కదా, విల్లో చెట్టు, ఓక్ చెట్టు, చివరికి పైన్ చెట్టు అని మూడు రకాలు. దాదాపు 30 ఏళ్ళు కొట్టారు. కానీ ఒక్క రెండు పెన్నీల నాణెం మీద 1662 వేశారు తప్ప మిగతా వాటన్నిటి మీదా 1652 అనే ఉంటుంది. మా తరానికి బళ్ళో హెడ్మాస్టరు వేసిన జూన్, జులై పుట్టినరోజుల్లాగా అన్నమాట, ఊరంతటికీ ఒకటే తారీకు. 1652లో ఇంగ్లండుకి రాజు లేడు, తల తీసేశారు, కాబట్టి ఆ తారీకుతో కొడితే రాజు హక్కు ఎగ్గొట్టామని ఎవరూ అనలేరని ఒక వాదన. తర్వాత రెండో చార్లెస్ గద్దె ఎక్కి ఈ నాణెం చూసి మండిపడితే, పక్కనున్న సర్ థామస్ టెంపుల్ “ప్రభూ, ఇది తమరు దాక్కుని ప్రాణాలు కాపాడుకున్న ఓక్ చెట్టే” అని సర్దిచెప్పాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ క్యాటలాగు రాసేవాళ్ళకి ఆ చెట్టు ఏళ్ళ తరబడి కాయలు కాస్తూనే ఉంది.

జాన్ హల్ సంగతి కూడా చెప్పాలి. ఆయన ప్రతి 20 షిల్లింగులకీ ఇంత అని కొట్టుడు కూలీ తీసుకునేవాడు. నగల షాపులో తరుగు, మజూరీ కట్టిన మనకి ఈ మనిషి కొత్తవాడేం కాదు. అమ్మాయి హన్నా పెళ్ళికి ఆమెని తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తుకెత్తు పైన్ చెట్టు షిల్లింగులు తూచి అల్లుడికి ఇచ్చాడని తులాభారం కథ ఒకటి వాడుకలో ఉంది. లెక్కల్లో ఉన్న కట్నం 500 పౌండ్లు. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగు బరువు 72 గ్రెయిన్లు, అంటే దాదాపు 4.67 గ్రాములు కాబట్టి నేను కూర్చుని లెక్కేశాను, 46 కేజీల పైచిలుకు వస్తుంది. పిల్ల కాస్త సన్నం, అంతే, కథ నిలబడింది. ఆ అల్లుడు శామ్యూల్ స్యూవాల్ తర్వాత 1692లో మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్ళో మంత్రగత్తెలని జనాన్ని పట్టి చేసిన విచారణకి జడ్జీల్లో ఒకడయ్యాడు. ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది చూడండి: ఆ రోజుల్లో జనం మామగారి షిల్లింగుల్ని పళ్ళతో వంచి, మంత్రగత్తెల దిష్టి తగలకుండా ఒంటి మీద పెట్టుకునేవాళ్ళని అంటారు. కాబట్టి ఇవాళ వంకర పోయిన షిల్లింగు వేలానికొస్తే అది పాడైన నాణెం కాదు, “విచ్ పీస్”. మా చిన్నప్పుడు వంకర పావలా ఇస్తే సోడా బండివాడు వెనక్కి విసిరేవాడు. వాడికి క్యాటలాగు రాయడం రాకపోయింది.

తప్పులకి రేటు కట్టడంలో కనెక్టికట్ రాగి నాణేలది వేరే స్థాయి. 1785 నుంచి 1788 దాకా నాలుగేళ్ళు కొట్టారు, అచ్చుల తేడాలతో 300కి పైగా వెరైటీలు, ఒక్కోదానికి మిల్లర్ అనే ఆయన 1920లో ఇచ్చిన నంబర్లు. లాటిన్‌లో “అధికారంతో” అనే మాటకి పొట్టిరూపంగా “ఆక్టోరి” అని ఉండాల్సిన చోట ఒకదానిమీద “ఆక్టోబి”, ఇంకోదానిమీద “ఆక్టోపి”. మా తెలుగు మాస్టారైతే ఆ పనివాణ్ణి బెంచీ ఎక్కించేవారు, వీళ్ళు వాడి నాణేన్ని వెల్వెట్ మీద ఎక్కించారు. ఒక అచ్చు పగిలి, పగులు పెరిగి పెరిగి బొమ్మ ఛాతీ దగ్గర కొమ్ములా వస్తే దానికి “కొమ్ము బొమ్మ” అని పేరు పెట్టేశారు. 1776 తారీకుతో ఉన్న కాంటినెంటల్ డాలర్ అనే నాణెం మీద “కరెన్సీ” అన్న మాటలో ఒక అక్షరం తగ్గితే, ఆ తగ్గిన దానికీ విడిగా వెరైటీ హోదా. పైగా ఆ డాలరు అమెరికాలో కొట్టిందే కాదు, తర్వాతెప్పుడో యూరప్‌లో చేసిన మెడల్ అయ్యుండొచ్చని పరిశోధకులు ఈ మధ్య గొడవ పడుతున్నారు. గొడవ పడనీయండి, దానిమీద ఇంకో పేరా వస్తుంది.

దొంగ నాణేల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూబర్గ్ దగ్గర మేచిన్స్ మిల్స్ అని ఒక చోట 1780ల్లో ఇంగ్లండు హాఫ్‌పెన్నీలకి నకిలీలు కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ కాలపు అసలు హాఫ్‌పెన్నీ కావాలంటే చిల్లర ఖర్చు, ఈ నకిలీ కావాలంటే పర్సు గట్టిగా ఉండాలి. అందుకని కొనేవాళ్ళు టెన్షన్‌గా అడిగే ప్రశ్న “ఇది దొంగదేనా, మోసం చేసి అసలుది అంటగట్టడం లేదు కదా?”

నాణేనికి మార్కులు వేసే విధానం నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన విషయం. 1 నుంచి 70 దాకా. వంద కాకుండా డెబ్బై ఏమిటని మీకు అనుమానం రావచ్చు. 1949లో డాక్టర్ విలియం షెల్డన్ అనే సైకాలజిస్టు, 1794 నాటి పెద్ద సెంటు అనే రాగి నాణేల్లో బాగా అరిగిపోయినది ఒక డాలరుకి వస్తే, కొత్తగా మెరిసేది 70 డాలర్లకి పోతోందని గమనించి ఆ స్కేలు కట్టాడు. ఆ ధరలు ఎప్పుడో గాల్లో కలిసిపోయాయి, డెబ్బై మాత్రం శాసనంలా ఉండిపోయింది. ఈయనే మనుషుల శరీరాలకి కూడా 1 నుంచి 7 దాకా మార్కులు వేసి, దాన్నిబట్టి వాళ్ళ గుణం చెప్పేవాడు. నాణేల నాణ్యత మీద లోకానికి ప్రమాణం ఇచ్చిన ఈ మహానుభావుడు న్యూయార్క్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే నాణేల సంస్థ అరల్లోంచి మంచి సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో తన నాసి సెంట్లు పెట్టి వచ్చేవాడని ఆయన పోయాక తేలింది, కోర్టుల దాకా వెళ్ళింది. నేను దీన్ని తప్పు పట్టను. ఏది మంచిదో గుర్తుపట్టే కన్ను ఆయనకి ఉందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

ఇప్పుడు ఆ మార్కులు కంపెనీలు వేసి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిస్తాయి. దాన్ని స్లాబ్ అంటారు. ఆ స్లాబ్ మీద, మొదటి కంపెనీ వేసిన మార్కు నిజమేనని ఇంకో కంపెనీ ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తుంది. స్టిక్కర్‌కి కూడా రేటు ఉంది. గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ కోసం జిరాక్సులు పట్టుకుని తిరిగిన జాతి మనది, మనకి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆపైన సుత్తి పడిన ధర మీద 20 శాతమో ఆ చుట్టుపక్కలో కొన్నవాడే అదనంగా కట్టే బయ్యర్స్ ప్రీమియం, అంటే మళ్ళీ తరుగు, మజూరీలే, కాకపోతే ఇక్కడ తరిగేది మనం.

వీటన్నిటి మధ్యలో ఒక్క నిజాయితీ గల నాణెం ఉంది. కనెక్టికట్‌లో డాక్టర్ శామ్యూల్ హిగ్లీ అనే ఆయనకి సొంత రాగి గని ఉండేది. 1737లో రాగి బిళ్ళలు కొట్టి, జింక బొమ్మ వేసి, విలువ మూడు పెన్నీలు అని రాశాడు. అంత ఉండదని జనం గొణిగారట. ఆయనేం చేశాడంటే, రాసింది చెరిపేసి “నీకు తోచినంత వెల కట్టుకో” అని కొట్టాడు. వెనకవైపు “నేను మంచి రాగిని”. మూడు అని సూచించే రోమన్ అంకె మాత్రం అడుగున అలాగే ఉంచాడు, పట్టుదల మనిషి. రాగి అంత శుద్ధం కాబట్టి కంసాలులు బంగారంలో కలపడానికి కరిగించేసుకున్నారని చెప్తారు, అందుకే మిగిలినవి కొన్నే. మిగిలినవి కూడా అరిగి, గీతలు పడి, ముక్కూ మొహం లేకుండా ఉంటాయి, అయినా పదుల వేల డాలర్లు. తోచినంత కట్టమన్నాడు, కట్టారు. ఇందులో మోసం ఎక్కడుంది?

ఇంత జ్ఞానం వచ్చాక ఊరికే ఎలా ఉంటాను? పోయిన ఏడు ఒక కాయిన్ షోలో 140 డాలర్లు పెట్టి 1787 నాటి కనెక్టికట్ రాగి ఒకటి కొన్నాను. చాకొలెట్ రంగు. ఆ రంగు పట్టడానికి రెండు వందల ముప్పై ఏళ్ళు పైన పట్టింది, దాని విలువ సగం ఆ రంగులోనే ఉంటుంది. వేలుముద్ర పడకుండా అంచులు పట్టుకుని చూసి, మళ్ళీ కవరులో పెట్టి, బల్ల మీద ఉంచి ఆఫీసుకి వెళ్ళాను. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మ ఆ రోజు శుక్రవారమని పూజ సామాను తోముకుంటోంది.

సాయంత్రం వచ్చేసరికి దేవుడి దగ్గర పంచపాత్ర పక్కన ఒక బిళ్ళ గులాబీ రంగులో ధగధగ మెరుస్తోంది. నాకు ముందు అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి చూస్తే నా నాణెం మీదున్న దొరగారి బుగ్గ తళతళలాడుతోంది, చెవి మడతలో చిన్న చింతపండు పీచు ఇరుక్కుని ఉంది.

“అమ్మా, ఎంత పని చేశావే!”

“ఏం చేశానురా? రాగిది అంత నల్లగా పెట్టుకుంటారా ఇంట్లో? మురికి ఎంత పోయిందో చూడు. నీకు 140 డాలర్లకి అంటగట్టినవాడు కనీసం తోమైనా ఇవ్వాల్సింది.”

మా ఆవిడ వంటింట్లోంచి “ఏవండీ, ఇప్పుడు ఇంకా బాగుంది కదా” అంది. ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడే మనిషి ఆ రోజు ఒక్కరూ లేరు.

ఆశ చావక గ్రేడింగ్‌కి పంపాను. ఫీజు, పోస్టు ఖర్చులు కలిపి నాణెం ధరలో సగం అయింది. రెండు నెలల తర్వాత స్లాబ్‌లో తిరిగొచ్చింది. 1 నుంచి 70 దాకా ఏ అంకె లేదు, “శుభ్రం చేయబడినది” అనే ముద్ర ఒక్కటే ఉంది. అంటే పళ్ళతో కొరికి వంచితే విచ్ పీస్, చింతపండుతో తోమితే నేరం! రాత్రంతా ఆలోచించాను. లోపం నాణెంలో లేదు, నేను పేరా రాయకపోవడంలో ఉంది. తెల్లారి కూర్చుని రాశాను:

“లాట్ 1. కనెక్టికట్ రాగి, 1787. ఈ వెరైటీలో గుంటూరు జిల్లా పద్ధతిలో తోమిన ఏకైక నమూనా. ఉప్పు, చింతపండుతో శుక్రవారం పూట, దైవసన్నిధిలో శుద్ధి చేయబడినది. చెవి మడతలో ఆనాటి పీచు యథాతథంగా ఉంది. ఒకే కుటుంబంలో రెండు తరాల చేతులు మారినది. ఇలాంటిది మళ్ళీ వేలానికి వచ్చే అవకాశం లేదు.”

అమ్మకి చదివి వినిపించాను. మొదటిసారిగా ఈ వ్యవహారంలో ఆవిడకి ఆసక్తి కలిగింది. కళ్ళజోడు పెట్టుకుని ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.

“చింతపండు అంటే సరిపోదురా. పాత చింతపండు అని రాయి. కొత్తదానికి అంత మెరుపు రాదు.”

చేర్చాను. పాతది అన్నాక కనీస ధర ఇంకో 50 డాలర్లు పెంచాను.