అరువు ఆటగాడు

జాన్‌లూకా లాపదూలా అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఇటలీ అగ్రశ్రేణి లీగ్ ‘సెరీ ఆ’లో తొలిసారి ఆడేనాటికి అతనికి 26 ఏళ్లు. పెరూ జెర్సీ తొడుక్కునేసరికి 30 వచ్చాయి. ఈ ఆలస్యాన్ని ఓపికకు దక్కిన ఫలమంటూ అభిమానులు మురిసిపోతుంటారు. ఆ మురిపెంలో మేము పాలు పంచుకోలేం. అంతకాలం ఆగాలని అతను కోరుకోలేదు, క్లబ్బుల జమాఖర్చుల పుస్తకాలు అతణ్ని ఆపాయి.

1990 ఫిబ్రవరి 7న ట్యూరిన్‌లో పుట్టాడు. తండ్రి ఇటలీ, తల్లి పెరూ. ప్రో వెర్చెల్లి, ఇవ్రేయా, అట్లెటికో రోమా, రవెన్నా, సాన్ మరీనో, చెజేనా, ఫ్రొజినోనె, స్లొవేనియాలోని గోరిత్సా, తెరామో... పాతికేళ్లు నిండేలోపు తిరిగిన ఊళ్లివి. సాన్ మరీనోలో నాలుగో శ్రేణి ఆడుతూ ఒకే సీజన్‌లో 20కి పైగా గోల్స్ కొట్టాడు. ఇందులో చాలాకాలం అతను పార్మా క్లబ్ ఆస్తి. అయినా పార్మా సీనియర్ జట్టుకు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడించే ఉద్దేశం లేనివాణ్ని ఎందుకు అట్టిపెట్టుకున్నట్టు?

జవాబు లెక్కల్లో ఉంది. ఒక క్లబ్ తన కుర్రాణ్ని 50 లక్షల యూరోలకు అమ్మిందనుకుందాం. సొంతంగా తయారుచేసినవాడు కాబట్టి పుస్తకంలో అతని విలువ దాదాపు సున్నా, అమ్మిన మొత్తమంతా ఆ ఏడే లాభంగా పడుతుంది. కొన్న క్లబ్ ఐదేళ్ల ఒప్పందం రాసుకుంటే ఖర్చు ఏడాదికి 10 లక్షలే. ఇద్దరూ ఒకరి కుర్రాణ్ని మరొకరు కొంటే చేతికి పైసా రాకుండానే ఇద్దరికీ లాభం కనిపిస్తుంది. ఇటలీలో దీన్ని ‘ప్లుస్‌వలెంజా’ అంటారు. ఒక ఆటగాడిపై రెండు క్లబ్బులకు సగం సగం హక్కుండే పద్ధతీ అప్పట్లో నడిచింది. గడువులోగా బేరం కుదరకపోతే సీల్డు కవర్లలో ధర రాసి ఇవ్వాలి, ఎక్కువ రాసినవాడిదే ఆటగాడు. ఇటలీ సమాఖ్య దాన్ని 2014లో రద్దు చేసింది. ఇలా పోగేసినవాళ్లకు మైదానంలో చోటుండదు, అరువుకు, అంటే కొన్నాళ్లు ఆడి తిరిగొచ్చేలా వేరే క్లబ్‌కు పంపుతారు. చివరికి పార్మా పద్దులో 200 మందికి పైగా ఆటగాళ్లు తేలారు, 2015 మార్చిలో క్లబ్ దివాలా తీసింది.

అరువుకెళ్లిన ఫార్వర్డ్‌కు, అంటే గోల్స్ కొట్టాల్సినవాడికి, కష్టం ఎక్కడొస్తుందో బయటివారికి అంతగా తెలియదు. తీసుకున్న క్లబ్‌కు కొనే హక్కు లేకపోతే, అతణ్ని తీర్చిదిద్దినా ఆ లాభం పరాయివాడిదే. అందుకే రెండు గోల్స్ కొట్టినా మూడో మ్యాచ్‌కు కోచ్ సొంత ఆటగాడి వైపే మొగ్గుతాడు. సీజన్ మధ్యలో వచ్చినవాడికైతే సన్నాహక శిబిరమే ఉండదు. మైదానం పక్క నుంచి గోల్ ముందుకు బంతి ఎప్పుడు పడుతుందో ఒంటికి పట్టేలోపే మూటాముల్లె సర్దుకోవాలి.

తెరామోలో 21 గోల్స్ కొట్టి జట్టును రెండో శ్రేణికి చేర్చాడు. మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో ఆ ప్రమోషన్ కాస్తా రద్దయింది. ఈలోగా పార్మా దివాలా అతనికి మాత్రం స్వేచ్ఛనిచ్చింది. యజమాని మునిగితే తప్ప బంధం తెగకపోవడం ఎంత విడ్డూరం! ఉచితంగా చేర్చుకున్న పెస్కారా ఏడాదిలో 27 లీగ్ గోల్స్ రాబట్టుకుని, సెరీ ఆకు ఎక్కి, 2016లో సుమారు 90 లక్షల యూరోలకు మిలాన్‌కు అమ్మింది. మిలాన్‌లో ఒక్క సీజన్, లీగ్‌లో 8 గోల్స్. తర్వాత జెనోవా, లెచ్చె, బెనెవెంతో. 2022-23లో కాలియరికి 21 గోల్స్‌తో రెండో శ్రేణి టాప్ స్కోరర్. అప్పటి ప్రమోషన్ ప్లేఆఫ్ సెమీఫైనల్లో కాలియరి ఓడించింది దివాలా తర్వాత మళ్లీ లేచిన పార్మానే. 2025 జనవరిలో మకాం స్పెజియాకు మారింది.

జాతీయ జట్టు సంగతి వేరు. దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికాకు 2016లో పెరూ కోచ్ రికార్డో గరేకా పిలిస్తే, ఇటలీ మీద ఆశతో రానన్నాడు. ఇటలీ అధికారిక మ్యాచ్ ఒక్కటీ ఆడించకపోవడంతో జట్టు మారడానికి ఫిఫా నిబంధన అడ్డురాలేదు. 2020 నవంబరు 13న శాంటియాగోలో చిలీపై పెరూకు తొలి మ్యాచ్ ఆడాడు. 2021 కోపాలో 3 గోల్స్, జట్టుకు నాలుగో స్థానం. ఖతార్ మాత్రం అతనితో ఆడుకుంది. 2016 డిసెంబరులో దోహాలో జువెంటస్‌పై సూపర్ కప్ పెనాల్టీ షూటౌట్‌లో అతని కిక్ వృథా అయింది, మిలాన్ గెలిచింది. 2022 జూన్‌లో ఆస్ట్రేలియాపై ప్రపంచకప్ ప్లేఆఫ్ షూటౌట్‌లో అతని కిక్ గోలైంది, పెరూ ఓడింది. తల్లి దేశానికి ఆడే ఈ దారి మన ప్రవాసుల పిల్లలకు లేదు. ద్వంద్వ పౌరసత్వాన్ని మన చట్టం ఒప్పుకోదు, విదేశీ పౌరులైన ప్రవాసులకిచ్చే ఓసీఐ కార్డు చాలదు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి అక్కడి పౌరసత్వం వదులుకున్నాకే భారత్‌కు ఆడాడు. డాలస్‌లో పుట్టిన తెలుగు కుర్రాడికైనా అంతే.

2022 జులై నుంచి ఫిఫా అరువులకు కళ్లెం వేసింది. దేశం దాటి పంపేవారు తొలి ఏడాది 8 మంది, తర్వాత 7, 2024 జులై నుంచి 6. ఒకే క్లబ్‌కు ముగ్గురికి మించకూడదు, అరువు తెచ్చుకున్నవాణ్ని మళ్లీ అరువివ్వకూడదు. మంచిదే. కానీ క్లబ్ సొంతంగా తయారుచేసిన 21 ఏళ్లలోపు కుర్రాళ్లకు ఈ పరిమితి వర్తించదు. లాపదూలా తిరుగుడులో ఇటలీ లీగులు దాటిన అరువు గోరిత్సా ఒక్కటే. మిగతాదంతా దేశం లోపలి వ్యవహారం, దానికి నిబంధనలు రాసే పనిని ఫిఫా ఆయా సమాఖ్యలకే వదిలి మూడేళ్ల గడువిచ్చింది.

అరువులు ఆగితే చిన్న క్లబ్బులకు చవకగా ఆటగాళ్లు దొరకరన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. అందుకే అరువు వద్దని మేము అనడం లేదు. వరుసగా రెండు సీజన్లు బయటికి పంపినవాణ్ని మూడో ఏడు సొంత జట్టులో నమోదు చేయాలి, లేదా పరిహారం అడగకుండా వదిలేయాలి. అరువు ఒప్పందంలో కొనుగోలు ధరను ముందే రాయాలి. ధర రాసి ఉంటే, ఆడించే కోచ్‌కు అతణ్ని తీర్చిదిద్దడానికి ఒక కారణమైనా ఉంటుంది.