హాళ్ల కాగితాలను కాపాడాలి

గోదావరి డెల్టా పట్టణాల్లో పాత సినిమా హాళ్లు కల్యాణ మండపాలుగా, దుకాణ సముదాయాలుగా మారిపోతున్నాయి. యజమానులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నష్టానికి వ్యాపారం నడపమని ఎవరినీ అడగలేము. గోడలతో పాటు టికెట్ల లెక్కలు, ఒప్పందాల వంటి ఆ హాళ్ల కాగితాలు కూడా చిత్తు కాగితాల కొట్టుకు చేరడం మాత్రం ఉపేక్షించదగినది కాదు.

మూకీల కాలంలోనే కాకినాడ కేంద్రంగా చిత్తజల్లు పుల్లయ్య చేసిన కృషి, 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య నెలకొల్పిన దుర్గా సినీటోన్ పుస్తకాలకెక్కాయి. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు మావాళ్లేనని పాలకొల్లు చెప్పుకుంటుంది, చెప్పుకోవలసిందే. ఆ సినిమాలకు టికెట్టు కొన్న ఊళ్ల చరిత్ర మాత్రం అంత శ్రద్ధగా నమోదు కాలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువల కింద వరి విస్తరించాక రైతు చేతిలో మిగిలిన డబ్బే తరవాతి తరాల్లో రైసు మిల్లులకూ సినిమా హాళ్లకూ పెట్టుబడి అయింది. సార్వా ధాన్యం అమ్ముడై జేబు నిండే సంక్రాంతికే పెద్ద చిత్రాలు రావడం వెనుక పండుగ ఎంత ఉందో పంట కూడా అంతే ఉంది. వశిష్ఠ, గౌతమి పాయలపై వంతెనలు లేని రోజుల్లో కోనసీమకు ఫిల్ము పెట్టెలు కూడా రేవు దాటి వచ్చేవి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అంటూ విడదీసిన హాలులో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ఆ ఊరి సాంఘిక చరిత్రే.

ఇదంతా జ్ఞాపకాల్లో దండిగా దొరుకుతుంది, దొరకనివి లెక్కలు. డిస్ట్రిబ్యూటరు ప్రతినిధి ప్రతి ఆటకూ తరగతుల వారీగా తెగిన టికెట్లు సరిచూసుకుని పంపే రోజువారీ కలెక్షన్ రిపోర్టు, అంటే డీసీఆర్, ఇందుకు ప్రధాన ఆధారం. 1986 ఆగస్టు వరదల్లో ఏ హాలు ఎన్నాళ్లు మూతపడిందో, 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని కూల్చాక నేల టికెట్లు ఎంత తగ్గాయో అవే చెప్పగలవు. అమ్మిన టికెట్లతో నిమిత్తం లేకుండా హాలుకు ఇంతని కట్టే శ్లాబు వినోదపు పన్ను వచ్చాక ఈ లెక్కల్లో నిజమెంత అన్న అనుమానం సబబే. అయినా అబద్ధపు లెక్క కూడా చరిత్రకారుడికి పనికొస్తుంది.

పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లకు అట్టడుగు తరగతి టికెట్టు ధరను 2021 ఏప్రిల్‌లో 5 రూపాయలుగా నిర్ణయించిన ప్రభుత్వం, 2022 మార్చిలో దాన్ని 20 రూపాయలకు సవరించింది. ఆ ధరలపై వివాదం సాగినన్నాళ్లూ ఊరి హాలు నడిపేందుకు నిజంగా ఎంతవుతుందన్న ప్రశ్నకు పాత లెక్కలను ఎవరూ ముందు పెట్టలేదు. అద్దెకు ఆడించాలా, వాటాకు ఆడించాలా అని ఎగ్జిబిటర్లు, డిస్ట్రిబ్యూటర్లు 2025లో తగువు పడినప్పుడూ అదే లోటు కనిపించింది.

1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద లైసెన్సులిచ్చిన కార్యాలయాల్లో హాళ్ల ప్లాన్లు, తనిఖీ పత్రాలు ఉండాలి. 2022 ఏప్రిల్‌లో ఉభయ గోదావరి జిల్లాలను విడదీశాక దస్త్రాలు చేతులు మారాయి కనుక, ఏవి ఎక్కడున్నాయో కలెక్టర్లు ముందుగా జాబితా వేయించాలి. యజమానులు అంగీకరించిన చోట డీసీఆర్‌లు, ఒప్పంద పత్రాలు స్కాన్ చేసే పనిని రాజమండ్రిలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి అప్పగించవచ్చు. ప్రతులకు గౌతమీ గ్రంథాలయం తగిన చోటు. కార్బన్ కడ్డీల ప్రొజెక్టర్లు నడిపిన ఆపరేటర్ల మాటలను రికార్డు చేయడం అంతకంటే తొందరపడవలసిన పని, వారిలో చాలామంది వృద్ధులు. హాలు కట్టడాన్ని మార్చుకోవడానికి దరఖాస్తు వచ్చినప్పుడే కాగితాల నకళ్లు అడిగే ఏర్పాటును మునిసిపాలిటీలు వెంటనే చేయాలి.