జక్కయ్యకు రంగులు వేయించే విద్య

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల అద్దె హాళ్లలో నడిచే మన తెలుగు సండే స్కూళ్లపై (చర్చి పిల్లల ఆదివారపు తరగతులపై) ఒక అన్యాయమైన ఆరోపణ ఉంది: పిల్లలకు బైబిలు వాక్యాలు నోటికి వస్తున్నాయి గాని జీవితాలు మారడం లేదట. ఏ జీవితమూ మారకుండా పాఠం చెప్పడానికి ఎంత నేర్పు కావాలో ఈ విమర్శకులకు ఏం తెలుసు?

లూకా సువార్త 19వ అధ్యాయమే చూడండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు, యేసు ప్రభువు పిలిస్తే దిగాడు. ఆపైన అభినయ గీతం, చెట్టు బొమ్మకు రంగులు, కంఠత వాక్యం, బిస్కెట్ ప్యాకెట్టు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానని జక్కయ్య అన్న 8వ వచనం దగ్గరకు వచ్చేసరికి సరిగ్గా గంట కొడతారు.

కొత్తగా చేరిన టీచరమ్మ ఒకరు ఈ సంప్రదాయం తెలియక ఆ వచనం చదివించి, "మన ఇళ్లలో ఎవరికైనా తిరిగి ఇవ్వవలసింది ఉందా?" అని అడిగారు. నాలుగో తరగతి పిల్లవాడు పచ్చ క్రేయాన్ పట్టుకొనే లేచాడు. "కింది పోర్షన్ అంకుల్ ఖాళీ చేసినప్పుడు పెయింటింగ్‌కని తాతయ్య అడ్వాన్సులో నెల అద్దె పట్టుకున్నారు టీచర్. పెయింటింగ్ మాత్రం వేయించలేదు. ఇప్పుడు నాలుగు నెలలది ఇవ్వాలా?" తాతయ్యగారు సంఘపెద్ద, హాలు అద్దెలో సింహభాగం వారిదే. మరుసటి ఆదివారానికి టీచరమ్మను టీ కప్పుల విభాగానికి మార్చారు. బోధన వల్ల ఒక జీవితమైనా మారిందని విమర్శకులు ఇకనైనా ఒప్పుకోవాలి.

1780లో గ్లోస్టర్‌లో సండే స్కూలు పెట్టిన రాబర్ట్ రైక్స్‌కు ఇంత ముందుచూపు లేదు. వారమంతా పనిలో నలిగే బీద పిల్లలకు ఆయన ఏకంగా చదవడం నేర్పించాడు. చదవడం వచ్చినవాడు 7వ వచనం దగ్గర ఆగుతాడన్న హామీ ఏముంది? ప్రభువు పద్ధతి అంతకన్నా ప్రమాదకరం. జక్కయ్యకు పాఠమే చెప్పకుండా నేరుగా అతని ఇంటికి బస చేయడానికి వెళ్లాడు. నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి దొంగల చేతిలో పడినవాడిని ఆదుకున్న పరాయివాడి కథ చెప్పి, ఎదురు ప్రశ్న వేసి, వెళ్లి అలాగే చేయమన్నాడు. హాజరు పట్టీ లేదు, సర్టిఫికెట్టూ లేదు (తల్లిదండ్రులు ఊరుకుంటారా?).

ఈ వేసవి సెలవుల బైబిలు బడి అయిన వీబీఎస్‌లో 8వ వచనాన్నీ చేర్చాలని కొందరు యువకులు పట్టుబట్టగా, పెద్దలు విశాల హృదయంతో అంగీకరించి దానిని కంఠత పోటీలో పెట్టారు. తడుముకోకుండా, అందరికన్నా వేగంగా అప్పజెప్పినవారికి మొదటి బహుమతి, దాత తాతయ్యగారే.