"కొంచెమే కదా" అనేవాళ్ల కోసం ఒక పాస్తా పోస్ట్

గ్లూటెన్ ఫ్రీ పాస్తా అనగానే మన నెల్లూరులో రెండు రకాల జనం తయారవుతారు. చేపల పులుసు పెట్టుకుని పాస్తా ఏందబ్బా అని నవ్వేవాళ్లు ఒక రకం, నేనూ గ్లూటెన్ మానేశా, బరువు తగ్గా అని ఫొటోలు పెట్టేవాళ్లు ఇంకో రకం. తగ్గేవాళ్లు తగ్గండి, నాకేం బాధ లేదు. కానీ మీ ఇద్దరి మధ్యా నలిగిపోయేది మా అక్క కూతురు లాంటి పిల్లలు.

దానికి సీలియాక్ అనే జబ్బు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఇంకో ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి పోతే దాని ఒంటి రక్షణ వ్యవస్థ దాని చిన్నపేగునే దెబ్బతీస్తుంది. తిన్నది వంటబట్టదు, రక్తం తగ్గుతుంది, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. దీన్ని నయం చేసే మందు లేదు, జీవితాంతం ఆ తిండి ముట్టుకోకపోవడమే వైద్యం. ఇంత చెప్పినా మా చుట్టాల్లో ఒక అత్తయ్య ఉంది, ప్రతి ఫంక్షన్‌లో పిల్ల పక్కన కూర్చుని "ఒక్క పూరీ తింటే ఏమవుద్దే, కొంచెమే కదా, మేమంతా తిని పెరగలేదా" అంటుంది. తిన్న వెంటనే కడుపునొప్పి రాకపోతే ఏమీ కాలేదనుకుంటారు, కొందరికి పైకి ఏమీ కనపడకుండానే లోపల పేగు పాడవుతూ ఉంటుంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే మన దేశంలో రూలు ఏంటో తెలుసా, కేజీ సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మిల్లీగ్రాములు! ఇప్పుడు చెప్పండి, పూరీ కొంచెమా?

అసలు మన వంటింట్లో గోధుమ ఎక్కడెక్కడ దాక్కుని ఉందో చాలామందికి తెలియదు. బొంబాయి రవ్వ గోధుమే. సేమ్యా గోధుమే. మల్టీగ్రెయిన్ పిండిలో ఎక్కువ భాగం గోధుమే. రాగి సేమ్యా అని గొప్పగా కొనుక్కొస్తారు, ప్యాకెట్ తిప్పి వెనకాల చదివితే చాలావాటిలో గోధుమపిండో మైదానో కనపడుతుంది. డబ్బాల్లో దొరికే ఇంగువలో కూడా పిండి కలుపుతారు, చాలాసార్లు అది గోధుమపిండే. ఇక పిండి మర సంగతి. మీ ముందు మనిషి గోధుమలు పట్టించుకుని వెళ్లాక మీ బియ్యం పోస్తే, వచ్చేది బియ్యప్పిండి ఒక్కటే కాదు. అది చెప్తే మర దగ్గర నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, చూడనీయండి.

సరే, పాస్తాకి వద్దాం. పిల్లకి క్లాసులో అందరూ తినే పాస్తానే కావాలి, దాని ఆశలో తప్పేమీ లేదు. మామూలు పాస్తా డ్యూరమ్ గోధుమ రవ్వతో చేస్తారు కాబట్టి అది కుదరదు. బియ్యంతోనో, మొక్కజొన్నతోనో, రెండూ కలిపో చేసినవి మాగుంట లేఅవుట్ వైపు పెద్ద షాపుల్లో వెతికితే దొరుకుతాయి, ధర మాత్రం మామూలు దానికంటే బాగా ఎక్కువ. అంత పెట్టి కొన్నదాన్ని చాలామంది ముద్ద చేసి పారేస్తారు. గ్లూటెన్ లేని పాస్తాకి పట్టు తక్కువ, కాస్త ఎక్కువ ఉడికితే విరిగిపోతుంది. 200 గ్రాములకి రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు పెట్టి, బాగా తెర్లాక ఉప్పేసి, పాస్తా వేసిన మొదటి నిమిషం గరిటె తిప్పుతూనే ఉండాలి, లేకపోతే అడుగున అంటుకుంటుంది. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలు రాశారో దానికి రెండు నిమిషాల ముందే ఒకటి కొరికి చూసి, కొంచెం పలుకు ఉండగానే వార్చేయాలి. ఆ గంజి పారబోయకండి, ఒక గ్లాసు పక్కన పెట్టుకోండి.

సాస్ అంటే మళ్లీ చీజ్, క్రీమ్ అని పరిగెత్తొద్దు. మామూలు వైట్ సాస్ చిక్కబడేది మైదాతోనే, అది మర్చిపోకండి. నూనెలో వెల్లుల్లి దంచి వేసి, ఎండుమిర్చి తుంచి వేసి, బాగా పండిన టమాటాలు ఓ అయిదు తరిగి పోసి నూనె తేలేదాకా మగ్గించండి, ఉప్పు చూసుకోండి, చాలు. మనది రొయ్యల జిల్లా కదా, శుభ్రం చేసిన రొయ్యలు గుప్పెడు వేస్తే రెండు మూడు నిమిషాల్లో రంగు మారి ఉడికిపోతాయి, అంతకు మించి ఉంచితే రబ్బరే. అప్పుడు పాస్తా వేసి, ఆ గంజి కొంచెం కొంచెం పోసి తిప్పితే సాస్ దానికి పట్టుకుంటుంది. వేడి మీదే తినాలి. చల్లారితే బియ్యం పాస్తా గట్టిపడుతుంది, పొద్దున చేసి మధ్యాహ్నం డబ్బాలో తినమంటే పిల్లలు వెనక్కి తెస్తారు.

ప్యాకెట్ కొనలేని రోజు నేను మురుకుల గొట్టం తీస్తాను. బియ్యం కడిగి నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో పట్టుకుంటే మర గొడవ ఉండదు. ఉప్పు వేసిన మరిగే నీళ్లు పోసి కలపాలి, చన్నీళ్లతో కలిపితే బియ్యప్పిండి పగుళ్లిస్తుంది, దాంట్లో సాగే గుణం లేదు కాబట్టి వేడికి ఉడికిన గంజే దాన్ని కలిపి ఉంచాలి. గొట్టంతో ఇడ్లీ రేకుల మీద ఒత్తి ఆవిరి పెడితే అయిపోయింది. ఇడియాప్పమే కదా అంటారా? అవును, ఇడియాప్పమే. అదే టమాటా, రొయ్యల సాస్‌లో విదిలిస్తే పిల్ల నూడుల్స్ అని తింటుంది, నాకు కావాల్సింది అదే.

ఇంకో మాట. గోధుమ పాస్తా వార్చిన చిల్లుల గిన్నె, చపాతీలు చేసిన చెక్క పీట, మైదా జల్లించిన జల్లెడ, ఇవేవీ ఈ వంటకి వాడకూడదు. సందుల్లో ఇరుక్కున్న పిండి ఒకసారి తోమితే పోదు. మా అక్క ఇంట్లో దానికని వేరే గిన్నెలు పెట్టారు, చూసినవాళ్లు అంటు పాటిస్తున్నారా అని ఎగతాళి చేశారు. చేసుకోండి.

పిల్లను భోజనానికి పిలిచేవాళ్లు భయపడక్కర్లేదు. అన్నం, ఇంగువ లేని పప్పు, పెరుగు, మీకు బాగా వచ్చిన చేపల పులుసు పెట్టండి, అందులో గోధుమ ఏమీ లేదు, గరిటె మాత్రం వేరేది వాడండి. పాస్తా కావాలని అది మారాం చేస్తే నాకు ఫోన్ చేయండి, వచ్చి వండి పెట్టి వెళ్తాను, గిన్నె కూడా నేనే తెచ్చుకుంటాను. అత్తయ్యా, నువ్వు మాత్రం పూరీల పళ్లెం అవతల పెట్టు.