కాకి వాలినందుకే తాటిపండు రాలిందా?

అమెరికాలో ఒక ఇంటి గ్యారేజీలో 23 నెలల పాప తన అన్నతో కలిసి ఆడుకుంటోంది. అక్కడున్న ప్లాస్టిక్ ఆటసామాను నిచ్చెన ఎక్కి, పైకమ్మీకి అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంది. పాదాలు నేలకు 28 అంగుళాల ఎత్తున ఉన్నాయి. అది మన ఇళ్లలోని భోజనాల బల్ల కంటే తక్కువ ఎత్తు. పట్టు తప్పి తలకిందులుగా పడింది. ముందు చేతులు ఆనాయి, తరువాత నుదురు తగిలింది. సిమెంటు నేల మీద తివాచీ ముక్క కూడా పరిచి ఉంది. పాప ఏడ్చింది, మాట్లాడింది, వంటింట్లో తల్లి పట్టిన మందునీళ్లు తాగింది. అయిదు నిమిషాల తరువాత వాంతి చేసుకుని మగతలోకి జారిపోయింది. మళ్లీ కోలుకోలేదు. మెదడు పొర కింద పెద్ద రక్తపు గడ్డ ఉందని, రెండు కళ్లలోనూ రక్తస్రావం జరిగిందని వైద్యులు గుర్తించారు.

పాప పడిన క్షణం వీడియోలో ఉంది. పిల్లల ఆటను చూస్తూ పాప అవ్వ కెమెరాతో తీస్తున్నారు కాబట్టి ఉంది. ఆ కెమెరా లేకుండా, అవ్వ స్థానంలో జీతానికి పిల్లలను చూసుకునే ఒక ఆయా ఉండి, ‘పాప పడిపోయిందండీ’ అని చెప్పి ఉంటే ఆమె మాట ఎవరు నమ్మేవారు? అప్పట్లో ఆసుపత్రుల్లో స్థిరపడిన అభిప్రాయం ప్రకారం అంత చిన్న ఎత్తు నుంచి పడితే పిల్లలు చనిపోరు. మెదడు పొర కింద రక్తం, కంటి లోపలి పొరలో రక్తం, మెదడు వాపు అనే మూడూ కలిసి కనిపిస్తే బిడ్డను ఎవరో బలంగా కుదిపినట్లే. కుదిపిన వెంటనే బిడ్డ స్పృహ తప్పుతుంది కాబట్టి, స్పృహ తప్పినప్పుడు దగ్గర ఉన్నవారే దోషి. మూడు లక్షణాల నుంచి మొదలై, మధ్యలో ఎవరూ ఏమీ అడగకుండానే, ఒక మనిషి పేరు దాకా సాగే ఈ తర్కమే నా అభ్యంతరం. కాకి వాలగానే తాటిపండు రాలడం కాకతాళీయమే తప్ప కాకే రాల్చినట్లు కాదని మనవాళ్లు ఏనాడో చెప్పారు. పండు తొడిమ ఎప్పటి నుంచి వదులై ఉందో చూడవలసిన పని వైద్యులది. అది చూడకుండానే వాళ్లు కాకిని పట్టించారు.

పై ఉదంతాన్ని అమెరికా ఫోరెన్సిక్ పాథాలజిస్టు (అనుమానాస్పద మరణాలకు కారణం తేల్చే వైద్యుడు) జాన్ ప్లంకెట్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో నమోదు చేశారు. ఆటసామగ్రి మీద నుంచి పడి పిల్లలు చనిపోయిన 18 ఘటనలను ఆయన ఒకచోట చేర్చారు. వాటిలో పన్నెండింటిలో పిల్లలు పడిన తరువాత కొంతసేపు మామూలుగానే ఉండి, ఆ తరువాతే కుప్పకూలారు. పద్దెనిమిది ఘటనలు చాలా తక్కువేనని, ఇలాంటి మరణాలు అత్యంత అరుదని విమర్శకులు అంటారు. అరుదే. అయితే ‘అసంభవం’ అని ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాన్ని కూల్చడానికి ఒక్క వీడియో చాలదా? అరుదుగా జరిగే ప్రమాదం తన చేతుల్లోనే జరగడం ఒక ఆయా దురదృష్టం కావచ్చు. దాన్ని ఆమె నేరంగా ఎలా లెక్కిస్తారు?

కెమెరా లేని ఇంట్లో ఏం జరుగుతుందో కెనడాలోని టిమిన్స్ పట్టణం చూసింది. 1988లో అక్కడ పన్నెండేళ్ల బాలిక ఒక 16 నెలల పాపను చూసుకుంటోంది. పాప మెట్ల మీద నుంచి పడిపోయిందని ఆమె చెప్పింది. పాప చనిపోయింది. ఖననం చేసిన శరీరాన్ని వెలికితీసి శవపరీక్ష జరిపిన టొరంటో వైద్యుడు చార్లెస్ స్మిత్, ఇంట్లో మెట్ల మీద నుంచి పడితే ఇలాంటి గాయాలు కావని, ఇది కుదిపి చంపడమేనని తేల్చాడు. ఇంకా బడికి వెళ్లే వయసున్న ఆ బాలిక మీద నరహత్య అభియోగం మోపారు. నిపుణులను పిలిపించుకుని పోరాడే తండ్రి ఉండబట్టి, ఓపికగా విన్న న్యాయమూర్తి పాట్రిక్ డన్ ఉండబట్టి 1991లో ఆమె నిర్దోషిగా బయటపడింది. స్మిత్ పనితీరును ఆ తీర్పు నిశితంగా తప్పుపట్టింది.

ఆడ్రీ ఎడ్మండ్స్‌కు ఆ అదృష్టం దక్కలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో తన ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లలను చూసుకునే ఈ తల్లి దగ్గరకు 1995 అక్టోబరులో ఒక ఉదయం ఏడు నెలల పాపను తీసుకొచ్చి వదిలారు. పాప చిరాగ్గా ఉంది, పాలు సరిగా తాగడం లేదు. పాలసీసా అందించి పక్కగదిలో ఉంచి, అరగంట తరువాత వెళ్లి చూసేసరికి పాప ఒళ్లు వాలిపోయి ఉంది. పాప బతకలేదు. మరుసటి ఏడాది ఎడ్మండ్స్‌ను దోషిగా తేల్చారు, 18 ఏళ్ల శిక్ష పడింది. కుప్పకూలడానికి కొద్దిసేపటి ముందే గాయం అయిందన్న వైద్యుల మాటే ఆ శిక్షకు పునాది. శవపరీక్ష చేసి ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన డాక్టర్ రాబర్ట్ హంటింగ్టన్ తరువాతి కాలంలో మరో బిడ్డ కేసు చూశారు. తలకు ప్రాణాంతకమైన గాయమై కూడా ఆ బిడ్డ ఆసుపత్రిలో గంటల తరబడి స్పృహలోనే ఉండి, ఆ తరువాత కుప్పకూలింది. గాయం ఎప్పుడైందో అంత కచ్చితంగా తాను చెప్పి ఉండకూడదని ఆయన తిరిగి కోర్టుకు వచ్చి చెప్పారు. 2008లో అప్పీలు కోర్టు కొత్త విచారణకు ఆదేశించింది, ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంది. అప్పటికి ఆమె పదకొండేళ్లు జైలులో గడిపింది. హంటింగ్టన్ నిజాయితీకి నమస్కరిస్తాను. అలా తిరిగి వచ్చే సాక్షులు ఎందరుంటారన్నదే నా భయం.

పిల్లలను నిజంగా కొట్టి, కుదిపి, విసిరి చంపేవారు లేరా అంటే ఉన్నారు. మాటలు రాని పసివాడి తరఫున శరీరమే సాక్ష్యం చెప్పాలని పిల్లల వైద్యులు అనడంలో ఆవేదన ఉంది, న్యాయం కూడా ఉంది. పక్కటెముకలు విరిగి, ఒంటి మీద పాత కమిలిన మచ్చలు ఉన్నప్పుడు అనుమానించడం వారి బాధ్యత. అయితే అనుమానించడం వేరు, ఫలానా వేళకు ఫలానా మనిషే చేశారని న్యాయస్థానంలో ఘంటాపథంగా చెప్పడం వేరు. రక్తం గడ్డకట్టడంలో లోపాలు, విటమిన్ కె కొరత, మెదడు సిరల్లో గడ్డలు, పాత గాయం మళ్లీ స్రవించడం కూడా ఇదే చిత్రాన్ని చూపగలవు. పసిపిల్లల్లో కుదుపు వల్ల మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చని 1971లో మొదట ప్రతిపాదించిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు నార్మన్ గుత్‌కెల్చ్ సైతం తన మాటను మనుషులను జైలుకు పంపడానికి వాడుతున్న తీరు చూసి వృద్ధాప్యంలో బహిరంగంగా కలత చెందారు. మన తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో, దెబ్బ తగిలిన ఆధారం లేకుండా కేవలం కుదపడం వల్లే ఇలా జరిగిందనే సాక్ష్యం నమ్మదగినది కాదని 2023లో అప్పీలు కోర్టు, 2025లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చాయి. అక్కడ నిందితులు తండ్రులు. అదే సాక్ష్యం రేపు డే కేర్ ఉద్యోగిని మీదికైనా, పిల్లలను చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మమ్మ మీదికైనా రావచ్చు.

ఇది పరాయి దేశపు గొడవ అనుకోవడానికి వీల్లేదు. మన న్యాయస్థానాల్లో ‘చివరిసారి కలిసి కనిపించారు’ అన్న సూత్రం (చనిపోయినవారితో చివరగా కనిపించినవారినే అనుమానించడం) ఎంత బలమైనదో క్రిమినల్ కేసులు చూసేవారందరికీ తెలుసు. తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని తానే నిరూపించుకోవాలనే పాత సాక్ష్య చట్టపు 106వ సెక్షను కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 109గా కొనసాగుతోంది. దీని పేరు చెప్పి ప్రాసిక్యూషన్ తన భారాన్ని దించుకోలేదని సుప్రీంకోర్టు 1956లోనే స్పష్టం చేసింది. చివరిసారి కలిసి కనిపించడం ఒక్కటే చాలదని, దానికి తోడు మరో ఆధారం వెతకాలని 2006లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక హత్య కేసులో చెప్పింది. హైదరాబాదులోనో విశాఖలోనో ఒక క్రెష్‌లో బిడ్డ కుప్పకూలిన సాయంత్రం ఈ తీర్పులు ఎవరికి గుర్తుకొస్తాయి? గేటు దగ్గర గుమిగూడిన జనానికి, టీవీ కెమెరాలకు ఎదురుగా ఉండేది నెలజీతానికి పనిచేసే ఒక ఆయా. ముందురోజు రాత్రి బిడ్డ మంచం మీద నుంచి దొర్లిపడిందా, పొద్దున వాంతి చేసుకుందా, వారం కింద పండగకు ఊరికి వెళ్లినప్పుడు గడప మీద తలకొట్టుకుందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఫోరెన్సిక్ నిపుణులు లేని ఏరియా ఆసుపత్రుల్లో సాధారణ వైద్యులే శవపరీక్ష చేస్తున్న రాష్ట్రాల్లో, ఆ నివేదికలోని ఒక్క వాక్యం ఆమె బతుకును నిర్ణయిస్తుంది.

నిపుణుడి మాటకు మన కోర్టులు ఇచ్చే గౌరవం మీద నాకు చాలాకాలంగా ఉన్న ఆందోళన ఇదే. టిమిన్స్ తీర్పు 1991లో వచ్చింది. దాని తరువాతే చార్లెస్ స్మిత్ టొరంటో పిల్లల ఆసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన పాల్గొన్న 45 అనుమానాస్పద మరణాల కేసులను తరువాత సమీక్షిస్తే ఇరవైలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. జస్టిస్ స్టీఫెన్ గౌజ్ విచారణ సంఘం 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆయనకు ఫోరెన్సిక్ పాథాలజీలో సరైన శిక్షణే లేదు. ఒక న్యాయమూర్తి కష్టపడి రాసిన తీర్పును పక్క జిల్లా ప్రాసిక్యూటరు కూడా చదివినట్లు లేదు. మన దగ్గరా అదే పరిస్థితి. ఏ వైద్యుడి సాక్ష్యాన్ని ఏ సెషన్స్ కోర్టు ఏ కారణంతో తోసిపుచ్చిందో హైకోర్టు స్థాయిలో ఒక రిజిస్టరు ఉంచాలి. ఆ వైద్యుడు మళ్లీ బోనెక్కిన రోజున ఆ తీర్పు నకలు డిఫెన్స్ న్యాయవాది చేతిలో ఉండాలి. ఆయాకు ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన జూనియర్ వకీలైనా సరే, అడగకుండానే అది ఆయనకు అందాలి.