కేర్ హోమ్‌లో అలారం మోగాక వచ్చేదెవరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడి ఏటా సుమారు 6.84 లక్షల మంది చనిపోతున్నారు. వారిలో 60 దాటినవారే ఎక్కువ. అందుకే పెద్దవాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లలోకి, మనిషి లేచినా కదిలినా అలారంతో సిబ్బందిని పిలిచే సెన్సర్ ప్యాడ్‌లు, రాడార్లు, అలికిడిని పసిగట్టే పరికరాలు వచ్చేస్తున్నాయి. అమ్మానాన్నలను ఇక్కడి హోమ్‌లో ఉంచి అమెరికాలో ఉద్యోగం చేసుకునే పిల్లలకైతే, గదిలో కెమెరా ఉందంటే సగం టెన్షన్ తీరినట్టే.

కానీ రాత్రి రెండింటికి జరిగేది వేరు. పెద్దాయనకు బాత్రూమ్‌కు వెళ్లాలి. లేచి కూర్చుని కాళ్లతో చెప్పులు వెతుక్కుంటారు. పరుపు మీది ప్యాడ్ ఆయన బరువు తప్పుకున్నాక గానీ మోగదు. అప్పటికే నిలబడ్డారు, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతున్నాయి. ఆ అంతస్తు మొత్తానికీ ఉన్న ఒక్క ఆయా, కారిడార్ చివరి గదిలో ఇంకొకరికి డైపర్ మారుస్తోంది.

అమెరికాలోని మెంఫిస్‌లో 27 వేల మందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. అది ఆసుపత్రే అయినా ఫలితం ఇక్కడా ఆలోచింపజేసేదే. అలారాల వాడకం బాగా పెరిగింది, పడిపోవడాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2017లో అక్కడి ప్రభుత్వం నర్సింగ్ హోమ్‌లకిచ్చిన మార్గదర్శకాల్లో, కదిలితే మోగే అలారాలను మనిషిని కట్టిపడేసే సాధనాలుగానూ చూడవచ్చంది. మోగుతుందన్న భయంతో పెద్దవాళ్లు కదలడమే మానేస్తారు. కదలకపోతే కాళ్లలో సత్తువ పోతుంది, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

సెన్సర్లు వద్దని కాదు. ఆయన రోజూ రెండింటికే లేస్తున్నారని అవి చెబితే, ఒకటిన్నరకే బాత్రూమ్‌కు తీసుకెళ్లవచ్చు. సాయంత్రం వేస్తున్న మాత్ర వల్ల మూత్రం ఎక్కువ వస్తోందా, నిద్రమాత్ర మత్తు వదలడం లేదా అని డాక్టర్‌ను అడగవచ్చు. నా దృష్టిలో ఈ పరికరాలపై పెట్టే డబ్బుకు ఫలితం దక్కేది ఇక్కడే. ఆ వివరాలు చదివి పని చేయడానికి మళ్లీ మనుషులు కావాలి.

నా భయమల్లా మిషన్ వచ్చింది కదా అని రాత్రి డ్యూటీలో మనుషులను తగ్గిస్తారేమోనని. జపాన్ ఇప్పటికే పరికరాలు పెట్టిన హోమ్‌లకు రాత్రి సిబ్బంది నిబంధనలను కొంత సడలించింది. మన దగ్గర హోమ్ చూడటానికి వెళ్లినవారు కెమెరాలు ఎన్నని అడిగే ముందు, రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో, అలారం మోగాక ఎంతసేపట్లో చేరుతున్నారో రాసిన రిజిస్టర్ చూపించమనాలి. గదిలో కెమెరా పెట్టేముందు అందులో ఉండే మనిషిని అడిగారా అన్నది కూడా తెలుసుకోవాలి.