ఐదు నిమిషాల పని

డెస్క్‌టాప్‌లో ల్యాన్ కార్డు, అంటే వైరు ద్వారా నెట్ అందించే కార్డు, బిగించడం ఐదు నిమిషాల పని అని కొందరు బాధ్యత లేకుండా మాట్లాడుతున్నారు. అందులో ఇద్దరు మా ఇంట్లోనే ఉన్నారు. మదర్‌బోర్డు మీది ల్యాన్ పోర్టు చచ్చిపోతే కొత్త కార్డు తెప్పించి, శనివారం పొద్దున పది గంటలకు చొక్కా చేతులు మడిచాను. ఆదివారం సాయంత్రానికి నెట్ వచ్చింది. మధ్యలో నిద్ర, భోజనం, ఆలోచన తీసేస్తే మిగిలింది ఐదు నిమిషాలే కావచ్చు. కానీ ఆలోచనను తీసేసే హక్కు వీళ్లకెవరిచ్చారు?

కార్డు ఎంపికలోనే నా దూరదృష్టి గమనించాలి. మా నెట్ ప్లాను వేగం సెకనుకు 100 మెగాబిట్లు. నేను కొన్న కార్డు 2.5 గిగాబిట్లది, అంటే 2,500. వీధి సందులా ఉన్నా సరే, మన గుమ్మం మాత్రం లారీ పట్టేలా ఉండాలన్నది నా సిద్ధాంతం. 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్నెట్‌కు, అంటే ఈ ల్యాన్ వైర్ల పద్ధతికి, రూపం ఇచ్చినప్పుడు దాని వేగం మూడు మెగాబిట్లు కూడా లేదు. ఆయన సర్దుకుపోయాడు. నేను సర్దుకుపోను.

ఇక శస్త్రచికిత్స. ముందు పవర్ కేబుల్ పీకాలి. పీకాక పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు వదిలించాలి. ఆ తర్వాత క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని మన ఒంటి మీది స్టాటిక్ కూడా వదిలించుకోవాలి. మన వేలికి చురుక్కుమనాలంటే మూడు వేల వోల్టుల దాకా కావాలి గానీ చిప్పు చావడానికి అందులో పిసరంత చాలు. అందుకని నేను డబ్బా మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉన్నాను.

"నాన్నా, దానికి జ్వరమా?" అంది మా అమ్మాయి.

కార్డు కొస అంగుళం. మదర్‌బోర్డు మీద దానికి సరిపోయే చిన్న స్లాట్, అంటే కార్డు గుచ్చే గాడి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల కింద నలిగిపోయి ఉంది. కింద బెత్తెడు పొడవున్న పెద్ద స్లాట్ ఒకటి ఖాళీ. చిన్న కార్డును పెద్ద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టినా చక్కగా పనిచేస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసినా, బంగారు రంగు పళ్లు లోపలికి పోయేదాకా నొక్కుతుంటే మదర్‌బోర్డు కాస్త వంగింది చూశారూ, అప్పుడు పడ్డ టెన్షన్ ఏ పుస్తకంలోనూ రాయలేదు.

అప్పుడే స్క్రూ జారింది. గ్రాఫిక్స్ కార్డు మీద టింగుమని, ఎక్కడో టిక్కుమని, మాయమైంది. పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు, బోర్డు కింద ఇరుక్కుంటే షార్ట్ సర్క్యూట్. క్యాబినెట్‌ను రెండు చేతులా ఎత్తి చేటలా చెరిగాను. ముందు దుమ్ము రాలింది, తర్వాత పాత పెన్ను మూత రాలింది. చివరికి స్క్రూ దొరికింది, నా లుంగీ మడతలో.

కంప్యూటర్ ఆన్ చేస్తే కార్డును గుర్తుపట్టింది గానీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, లేదంది. డ్రైవర్ ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో. ఇంటర్నెట్ ఎప్పుడొస్తుంది? డ్రైవర్ వేశాక. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నవాడు తప్పకుండా ల్యాన్ కార్డు బిగించే ఉంటాడు. కంపెనీవాళ్లను తప్పుపట్టలేం, పెట్టెలో డ్రైవర్ సీడీ పెట్టారు. సీడీ డ్రైవ్ లేనిది మన కంప్యూటర్‌కే.

ఇంతలో మా అమ్మాయి తన ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు పంచే టెథరింగ్ ఆన్ చేసింది. కార్డుతో పని లేకుండా నెట్ వచ్చేసింది. ఈ పరిణామాన్ని నేను పట్టించుకోలేదు. డ్రైవర్ దింపాను, వేశాను, రీస్టార్ట్ చేశాను, ఫోన్ పీకేశాను.

నెట్ లేదు.

కార్డు లైటు వెలగలేదు. రూటర్ ఆపి వేశాను. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. కార్డు ఊడదీసి పళ్లు తుడిచి మళ్లీ నొక్కాను. శనివారం అలా గడిచింది. ఆదివారం సాయంత్రం మా ఆవిడ ఫోన్ టార్చ్ వేసి బల్ల వెనక్కి తొంగిచూసి, "ఈ వైరు పాత కన్నంలోనే ఉందేమిటండీ?" అంది. ప్రతిసారీ బల్ల వెనక తడుముతూ కేబుల్ పెట్టింది నేనే. చెయ్యి అలవాటైన చోటికే పోయింది.

తనే పీకి, కొత్త పోర్టులో టక్కుమని పెట్టింది. పచ్చలైటు వెలిగింది. ఇందుకు పట్టింది ఐదు సెకన్లు. ఈ ఐదు సెకన్లనే మొత్తం పనిగా చూపిస్తూ తల్లీకూతుళ్లు బంధువుల్లో ప్రచారం చేస్తున్నట్టు నా దృష్టికి వచ్చింది. తీవ్రంగా ఖండిస్తున్నాను.